కాగితం చూశాకే కత్తెర తీసే టైలరు

విశాఖపట్నంలో జగదాంబ సెంటర్ నుంచి పూర్ణా మార్కెట్ వైపు నడుస్తుంటే ఎడమచేతి పక్క ఒక సన్నటి సందు వస్తుంది. సందు మొదట్లో చెరుకురసం బండి, కాస్త లోపలికి వెళ్తే జిరాక్స్ షాపు, దాని పక్కన నిటారుగా మెట్లు. పైన చిన్న గది. రెండు కుట్టుమిషన్లు, ఒక కోత బల్ల, గోడ పొడుగునా మేకులకి తగిలించిన, పాస్టర్లు వేసుకునే పొడుగు అంగీలైన తెల్ల కాసక్‌లు. బోర్డు లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి ఎగిరిపోయిన బోర్డుని టైలరు మాస్టారు మళ్ళీ పెట్టించలేదు. అందుకే ఇక్కడ షాపు పేరు రాయడం లేదు. పాస్టర్ల ఇళ్ళలో అడిగితే "మెట్ల మీద మాస్టారు" అని దారి చెప్తారు. మాకూ అలాగే తెలిసింది.

మా చిన్నవాడి గురు అభిషేకానికి, అంటే పాస్టరుగా నియమించే ఆరాధనకి, తెల్ల కాసక్, నడికట్టు, ఎర్ర స్టోల్ (మెడ మీంచి ముందుకి వేలాడే పట్టీ), ఆకుపచ్చ స్టోల్ ఇక్కడే కుట్టించాం. కుట్టు చాలా బాగుంది. కానీ ఆయన మొదటిసారి మమ్మల్ని ఉత్త చేతులతో వెనక్కి పంపించారు. నేను రాయాలనుకున్నది ముఖ్యంగా దాని గురించే, కుట్టు సంగతి తర్వాత చెప్తాను.

గాజువాకలో ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన స్టీల్ ప్లాంటులో చేసేవారు. మా పుట్టిల్లు పల్నాడు, గురజాల దగ్గర పల్లె. 1842లో గుంటూరొచ్చిన అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు ఆ తర్వాత గురజాల వైపు కూడా పనిచేశారు. మా ముత్తాత కాలం నుంచీ మేం లూథరన్లం, అంటే పదహారో శతాబ్దంలో జర్మనీలో సంఘ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ బాటలోని క్రైస్తవులం. మా తాతయ్య ఉపదేశి, అంటే అభిషేకం లేని సంఘ బోధకుడు. ఇంతవరకూ వచ్చిన మా వంశంలో కాసక్ వేసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. చిన్నవాడు పాస్టరు చదువు బి.డి. చదువుతానన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఎంతటిదో అర్థం కావడానికి ఇదంతా చెప్తున్నాను.

వాడికి పందొమ్మిదేళ్ళప్పుడు భీమిలిలో యూత్ రిట్రీట్‌కి వెళ్ళాడు. తిరిగొచ్చిన రాత్రి అన్నం ముందు కూర్చుని, "అమ్మా, నన్ను దేవుడు పిలిచాడు" అన్నాడు. ఆ తారీఖు నా డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. పిలుపంటే అదేనని, అది వచ్చేసిందని, ఇక మిగిలినవన్నీ ఫార్మాలిటీలని నమ్మాను. చదువు పూర్తయింది. పోస్టింగ్ రాలేదు. ఒక ఏడాది, రెండో ఏడాది. వాడు సండే స్కూల్లో పాఠాలు చెప్తూ, ట్యూషన్లు చెప్తూ ఓపిగ్గా ఉన్నాడు. నాకే ఓపిక లేకపోయింది. ముందు బట్టలు సిద్ధం చేసి పెడితే ఆ రోజు త్వరగా వస్తుందనిపించింది.

మొదట ఆన్‌లైన్‌లో తెప్పించాను. "పాస్టర్ సెట్" అని ఉంది. కాసక్, స్టోల్, కాలర్ అన్నీ కలిపి ఒక ధర. మూడో రోజుకి ఇంటికొచ్చింది. గుడ్డ పూర్తిగా పాలిస్టర్, మే నెల విశాఖపట్నంలో అది వేసుకుని నిలబడితే పది నిమిషాల్లో వీపుకి అతుక్కుపోతుంది. భుజాలు జారిపోయాయి. స్టోల్ మీద సిలువ అచ్చు వేసింది, ఎంబ్రాయిడరీ కాదు. ఒక్కసారి తడిపితే రంగు దిగింది. వెనక్కి పంపేశాను. అమ్మినవాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నలు రెండే, సైజు ఎంత, పిన్‌కోడ్ ఎంత అని.

ఆ తర్వాత డాబా గార్డెన్స్‌లో మంచి టెరీకాటన్, యాభై ఎనిమిది అంగుళాల పన్నా, నాలుగు మీటర్లు తీసుకుని వాణ్ణి వెంటబెట్టుకుని ఈ మెట్లెక్కాను. మాస్టారికి అరవై దాటి ఉంటాయి. ముస్లిం. వాళ్ళ నాన్నగారు కూడా వన్‌టౌన్‌లో పాదిరి అంగీలు కుట్టేవారట. ఆయన గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూశారు, వెలుతురుకి ఎత్తి చూశారు, "బాగుందమ్మా" అన్నారు. టేపు మెడలో వేసుకున్నారు. అప్పుడు మావాడి వైపు తిరిగి అడిగారు.

"బాబూ, మీకు కాగితం ఒచ్చిందా?"

"ఏం కాగితం మాస్టారూ?" అన్నాను నేను.

"అదేనమ్మా, ఏ సంఘానికి పంపుతున్నారో రాసిచ్చే కాగితం."

ఇంకా రాలేదన్నాను. చదువు పూర్తయిందనీ, సర్టిఫికెట్లున్నాయనీ, కావాలంటే చూపిస్తాననీ అన్నాను. ఆయన టేపు మెడలోంచి తీసి చుట్టి సొరుగులో పెట్టేశారు. "గుడ్డ మీకాడే ఉంచండమ్మా. కాగితం ఒచ్చేక రండి, ముందు మీదే కుడతాను" అన్నారు.

నాకు అవమానంగా అనిపించింది. డబ్బిచ్చి కుట్టించుకునేదానికి ఈ ప్రశ్న ఏమిటి? పోలీసు యూనిఫారమా ఇది? గొంతు పెంచే మాట్లాడాను. ఆయన ఎదురు చెప్పలేదు. కొన్నేళ్ళ కింద జరిగింది మాత్రం చెప్పారు. ఒక కుర్రవాడు వచ్చి మొత్తం సెట్ కుట్టించుకున్నాడు, డబ్బు పూర్తిగా ఇచ్చాడు. తర్వాత కొన్ని నెలలకి ఒక పల్లె నుంచి నలుగురు మనుషులు ఈ మెట్లెక్కి వచ్చారు. ఆ కుర్రవాడు ఆ అంగీతో వాళ్ళ ఊళ్ళో తిరిగి, పాస్టరునని చెప్పి, బాప్తిస్మాలిచ్చి, చందాలు తీసుకుని వెళ్ళిపోయాడు. కాలర్ లోపల కుట్టిన చీటీ చూసి వాళ్ళు ఇక్కడికొచ్చారు. "ఆడికి అంగీ ఇచ్చింది నువ్వే కదా అన్నారమ్మా. నాకు జవాబు లేకపోయింది."

ఆ మాట విన్నాక కూడా నా కోపం తగ్గలేదు. మావాడు ఆ కుర్రవాడి లాంటివాడు కాడు కదా! మెట్లు దిగాక ఆటో ఎక్కేదాకా నేనేం మాట్లాడలేదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వాడే అన్నాడు. "అమ్మా, లూథర్ కూడా ఆయన అడిగిందే అడిగాడు."

1532లో లూథర్ గారు చాటుమాటుగా ఊళ్ళలోకి వచ్చి బోధించేవాళ్ళ గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. అలాంటివాడు గడప తొక్కితే ముందు వాడి పిలుపు సంగతి తేల్చుకోమంటారు అందులో. ఎక్కడినుంచి వచ్చావు, నిన్నెవరు పంపారు, పంపినవాళ్ళిచ్చిన కాగితాలు, ముద్రలు ఏవి అని అడగమంటారు. మావాడు అది చెప్తుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఐదువందల ఏళ్ళ కిందటి ప్రశ్న, లూథర్ పేరైనా విన్నాడో లేదో తెలియని టైలర్ నోట యథాతథంగా ఎలా వచ్చింది?

ఇంటికొచ్చాక వాడు నాకు ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం తెచ్చి చూపించాడు. లూథరన్ల నమ్మకాలు చెప్పే పత్రం అది, 1530 జూన్ 25న చక్రవర్తి ఐదో చార్లెస్ ముందు చదివారు, ఇరవై ఎనిమిది అంశాలు. కన్ఫర్మేషన్ క్లాసులో దాని పేరు బట్టీ పట్టానే గానీ లోపల ఏముందో ఎప్పుడూ నిదానంగా చదవలేదు. పద్నాలుగో అంశం మొత్తం ఒకే ఒక్క వాక్యం. క్రమప్రకారం పిలుపు పొందనివారెవరూ సంఘంలో బహిరంగంగా బోధించకూడదు, సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం లాంటివి) నిర్వహించకూడదు అని దాని సారం. మనసులో పిలుపు కలిగినవాడు అని గానీ, వరాలున్నవాడు అని గానీ, చదువుకున్నవాడు అని గానీ అనలేదు. అవన్నీ కావాలి, సంఘం వాటిని పరీక్షించాలి కూడా. అయినా ఇంకొకరు నోరు తెరిచి "నువ్వు రా, ఇక్కడ, ఈ మనుషుల మధ్య, ఈ పని చెయ్యి" అనేదాకా అది పిలుపు కాదు.

"మరి భీమిలిలో వచ్చిందేమిట్రా?" అని అడిగాను. నా డైరీలో ఎర్ర సిరా గుర్తొచ్చి గొంతు కూడా కాస్త వణికింది.

వాడు చెప్పిన జవాబు ఇప్పటికీ నా మనసులో ఉంది. "అది కోరిక అమ్మా. మంచి కోరిక. పౌలు తిమోతికి రాసినప్పుడు దాన్ని దొడ్డపనిని ఆశించడం అన్నాడు. లూథర్‌కి కూడా భీమిలి లాంటిది ఒకటుంది" అన్నాడు. 1505 జూలైలో లూథర్ దారిలో పోతుంటే పక్కనే పిడుగు పడింది. భయంతో సన్యాసినవుతానని మొక్కుకున్నాడు, అయ్యాడు. ఎవరైనా జీవితాంతం చెప్పుకునే సాక్ష్యం అది. కానీ తర్వాత, ఇంత పెద్ద సంఘానికి ఎదురు నిలబడడానికి నీకేం అధికారముందని లోకమూ, తన మనసూ నిలదీసినప్పుడు లూథర్ ఆ పిడుగుని చూపించలేదు. 1512లో విట్టెన్‌బర్గ్‌లో తనకిచ్చిన దైవశాస్త్ర డాక్టర్ పట్టాని చూపించాడు. అది తను కోరుకున్నది కాదు. తన సన్యాసుల మఠంలో పై అధికారి అయిన స్టౌపిట్జ్ బలవంతం మీద తీసుకున్నది. తను కోరనిది, ఇతరులు తన నెత్తిన పెట్టినది గనకే దాని మీద ఆనుకోగలిగాడు.

ఇందులో ఊరట ఎంతుందో నాకు అప్పుడర్థమైంది. నా కొడుకు రేపు ఏదో ఊళ్ళో, ప్రసంగానికి పదిమందే వచ్చిన ఆదివారం, ఎవరో పెద్దమనిషి ముఖం మీద అనకూడని మాట అన్న రాత్రి, ఒంటరిగా కూర్చుంటాడు. నేను నిజంగా పిలవబడ్డానా అనుకుంటాడు. అప్పుడు వాడికున్నది పందొమ్మిదేళ్ళ వయసులో కలిగిన ఒక అనుభూతే అయితే, ఆ రాత్రి అదీ చల్లారిపోతుంది. అనుభూతులు చల్లారతాయి, నా పెళ్ళినాటివి నాకెన్ని మిగిలాయి? కానీ సంఘం తారీఖు వేసి, సంతకం పెట్టి, అందరి ముందు చదివిన కాగితం చల్లారదు. దేవుడు ప్రవక్తల్ని, అపొస్తలుల్ని తానే నేరుగా పిలిచాడనీ, మిగిలినవాళ్ళని మనుషుల చేతుల మీదుగా పిలుస్తాడనీ, అలా వచ్చిందీ దేవుని పిలుపేననీ గలతీ పత్రిక వ్యాఖ్యానంలో లూథర్ రాశారు. తిమోతి, తీతు అలా పిలవబడ్డవాళ్ళే.

ఇక్కడ మా తాతయ్య సంగతి చెప్పాలి. ఆయన ఉపదేశి. పొద్దున్నే పిల్లలకి బడి, సాయంత్రం ప్రార్థన, జబ్బు పడ్డవాళ్ళ మంచం పక్కన కీర్తన. ఊరంతటికీ గురువంటే ఆయనే. కానీ ప్రభురాత్రి భోజనానికి మాత్రం నెలల తరబడి అయ్యగారి (పాస్టరు గారి) కోసం ఎదురుచూసేవారు. బండి దుమ్ము కనిపించగానే మా నాయనమ్మ గిన్నెలు తోమడం మొదలుపెట్టేదట. అయ్యగారి కాసక్‌ని తాతయ్యే ఉతికి, గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఇస్త్రీ చేసేవారు. ఒకసారి నేను అడిగాను, నువ్వే ఇవ్వచ్చు కదా తాతయ్యా రొట్టె, ద్రాక్షారసం అని. "నాకు ఆ పని ఇవ్వలేదమ్మా" అన్నారు. చిన్నతనంలో అది అణకువ అనుకున్నాను. కాస్త చదువుకున్నాక అన్యాయం అనుకున్నాను. ఆయన ఎంత తెలిసి అన్నారో ఇప్పుడు తెలుస్తోంది. అయ్యగారికంటే తాను తక్కువ క్రైస్తవుణ్ణని ఆయన ఏనాడూ అనుకోలేదు. 1520లో లూథర్ జర్మన్ ప్రభువులకి రాసినది కూడా అదే. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ యాజకుడే. చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు, ఎవరి పని వారిది, అందరూ సమానంగా ప్రతిష్ఠింపబడ్డవాళ్ళే. అందరిదీ అయినదాన్ని ఒక్కడు తనంతట తాను తీసేసుకోకూడదు, అందరూ కలిసి ఒకరికి అప్పగించాలి. అందరూ యాజకులు గనకే పిలుపు కావాలి. ఈ తర్కం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

అత్యవసరమైతే వేరు. 1537 నాటి లూథరన్ పత్రం ఒకదానిలో లూథర్ సహచరుడు మెలంక్తన్ ఒక పాత కథ గుర్తు చేస్తారు, తొలినాటి సంఘ పెద్ద అగస్టీను చెప్పినది. ఓడలో ఇద్దరే క్రైస్తవులు. ఒకడికి ఇంకా బాప్తిస్మం కాలేదు. రెండోవాడు అతనికి బాప్తిస్మమిచ్చాడు. బాప్తిస్మం పొందినవాడు వెంటనే, తనకిచ్చినవాడికి పాపక్షమాపణ ప్రకటించాడు. నడిసముద్రంలో ఇద్దరే ఉంటే ఒకరికొకరు గురువులే. మా ఊళ్ళో ఫిషింగ్ హార్బర్ నుంచి పడవలు వెళ్ళడం చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ ఇద్దరూ గుర్తొస్తారు. ఒడ్డున సంఘం ఉండగా మాత్రం పంపడం సంఘం పని.

ఈ అప్పగింత సరిగ్గా ఎలా జరుగుతుందన్న దాని మీద లూథరన్లలోనే 19వ శతాబ్దంలో గట్టి వాదం నడిచిందట, అమెరికాలో వాల్తర్ అనే పాస్టర్ ఒక వైపు, జర్మనీలో లోయె అనే పాస్టర్ ఇంకో వైపు. మావాడు ఉత్సాహంగా గంట చెప్పాడు. నాకు అంత లోతు పట్టలేదు. అమెరికాలో చాలా సంఘాలు ఓటు వేసి తామే పాస్టర్‌కి పిలుపు పత్రం పంపుతాయి, మా దగ్గర నియామకం పైనుంచి వస్తుంది. ఎలా వచ్చినా తనంతట తాను రాసుకున్న కాగితం చెల్లదు.

సరే, నవంబరులో కాగితం వచ్చింది. మన్యం వైపు ఒక చిన్న సంఘం. మర్నాడే మెట్లెక్కాం. మాస్టారు చేతులు తుడుచుకుని, కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఊరి పేరు రెండుసార్లు చదివారు. "అక్కడ పొద్దున్న పూట చలుంటాది, లోపల ఒక పొర వేస్తాను" అన్నారు. అప్పుడు సొరుగులోంచి టేపు తీశారు.

ఆ కొలతలు తీసుకున్న పద్ధతి నేనెక్కడా చూడలేదు. మామూలుగా ఛాతీ, భుజం, చెయ్యి, పొడుగు తీసుకుంటారు, అయిపోతుంది. ఈయన మావాణ్ణి ముందు మోకాళ్ళ మీద కూర్చోమన్నారు. వెనక గుడ్డ మడమల కింద చిక్కుకోకుండా ఎంత వదులు కావాలో కొలిచారు. లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తమన్నారు, దీవెన ఇచ్చేటప్పుడు ఎత్తినట్టు. చేతులెత్తితే చంకల దగ్గర పట్టేసి అంగీ మొత్తం పైకి లేస్తుంది, చాలామంది పాస్టర్లకి అదే ఇబ్బంది. అక్కడ వేరే ముక్క వేసి కుడతారట. ఆ తర్వాత, "బాబూ, బిడ్డని ఎత్తుకున్నట్టు ఎడం చెయ్యి పెట్టండి" అన్నారు. మావాడు చెయ్యి మడిచి పెట్టాడు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు అంగీ చేతులు నీళ్ళలో పడకుండా మణికట్టు దగ్గర ఎంత బిగువుండాలో అప్పుడు చూశారు. నా కొడుకు ఖాళీ చేతిలో లేని బిడ్డని పట్టుకుని నిలబడ్డాడు, ఆయన పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మణికట్టు చుట్టూ టేపు తిప్పుతున్నారు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

ఆగ్స్‌బర్గ్ ప్రమాణంలో ఐదో అంశం, మనలో విశ్వాసం పుట్టడానికి దేవుడు సువార్త బోధించే, సంస్కారాలిచ్చే పరిచర్యని ఏర్పాటు చేశాడంటుంది. పాస్టర్ ఎంత గొప్పవాడన్న మాట అందులో లేదు, ఆ చేతుల మీదుగా మాకు అందేదాని గురించే ఉంది. మాస్టారు కొలిచింది అచ్చంగా దాన్నే. మావాడి ఒళ్ళు ఎంతుందో ఆయన రెండు నిమిషాల్లో రాసేసుకున్నారు, మిగిలిన అరగంటా వాడు చెయ్యాల్సిన పనిని కొలిచారు.

కుట్టులో నేను గమనించినవి చెప్తాను. గుండీలు పైకి కనపడకుండా పట్టీ కింద ఉంటాయి, కాజాలు చేత్తో కుట్టినవి. కాలర్‌లో బక్రం (బిగువు కోసం లోపల వేసే గుడ్డ) మరీ గట్టిది వేయలేదు, మెడ తిప్పితే ఒరుసుకోదు. ఎక్కడా ఇనుప హుక్కు లేదు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప హుక్కులు తుప్పు పట్టి తెల్ల గుడ్డ మీద మరక వేస్తాయి, ఆ మరక ఏ సబ్బుకీ పోదు. అందుకని ఇత్తడివి వాడతారు. లోపలి కుట్లన్నీ మడిచి కుట్టారు. తిరగేసి చూసినా మంచి వైపు చూసినట్టే ఉంటుంది.

అడుగు మడతలో మూడంగుళాల గుడ్డ వదిలేశారు. మావాడు ఇక పొడుగెదిగే వయసు కాదు కదా మాస్టారూ, ఎందుకంత అన్నాను. ఆయన గోడ మీద ఒక పాత కాసక్ చూపించారు. చనిపోయిన ఒక పాస్టర్ గారి భార్య తెచ్చి ఇచ్చారట, కొత్తగా వచ్చినాయనకి సరిచేసి ఇమ్మని. "ఈ బాబు తరవాత ఎవరు తొడుగుతారో, ఎంత పొడుగుంటారో మనకి తెలీదు కదమ్మా" అన్నారు. కొత్త బట్ట కుట్టించుకోడానికొచ్చిన తల్లితో అనవలసిన మాటేనా అని ఒక్క క్షణం గుండె ఆగింది. తర్వాత ఆలోచిస్తే, మా విశ్వాసం కూడా ఆ మడత లాంటిదే. మనిషి మారతాడు, పరిచర్య ఉంటుంది. అభిషేకం మనిషి మీద చెరగని ముద్రేమీ వెయ్యదని, పని నుంచి తీసేస్తే అతను మిగిలినవాళ్ళలాంటి మామూలు మనిషేనని లూథర్ 1520లోనే రాశారు. ఇచ్చేవాడు యోగ్యుడు కాకపోయినా బాప్తిస్మం బాప్తిస్మమే అని ఆగ్స్‌బర్గ్ ప్రమాణం ఎనిమిదో అంశం. నా కొడుకు పరిపూర్ణుడు కావాలన్న భారం ఆ మూడంగుళాలు నా నెత్తి మీంచి దించాయి.

మాస్టారి పనిలో లోపాలూ ఉన్నాయి. పదిహేను రోజులన్నారు, ఇరవై నాలుగు పట్టింది. ఫోన్ ఎత్తరు. రసీదు ఇవ్వరు, నోటుబుక్కులో రాసుకుంటారు. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. పైన కూర్చోడానికి ఒక్క స్టూలే ఉంది. ఎంబ్రాయిడరీ ఆయన చెయ్యరు, బయటికిస్తారు, అక్కడ పెద్ద పొరపాటే జరిగింది. ఎర్ర స్టోల్ మీద లూథర్ గులాబీ, అంటే లూథర్ తన గుర్తుగా వాడిన ముద్ర, అడిగాను. కుట్టినవాళ్ళు మధ్యలో సిలువని బంగారు రంగు జరీతో కుట్టేశారు. చూడ్డానికి అందంగానే ఉంది, కానీ అది కాదు. 1530 జూలైలో కోబుర్గ్ కోట నుంచి రాసిన ఉత్తరంలో లూథరే ప్రతి రంగుకీ అర్థం చెప్పారు. సిలువ నల్లగా ఉండాలి, అది బాధ పెడుతుంది గనక. దాని చుట్టూ హృదయం తన సహజమైన ఎరుపులో ఉండాలి, సిలువ దాన్ని చంపదు, బతికిస్తుంది గనక. ఆ హృదయం తెల్ల గులాబీలో, గులాబీ నీలి ఆకాశంలో, చుట్టూ బంగారు ఉంగరం. బంగారం ఉండాల్సింది చివర్న. మొదటే బంగారం పెడితే బోధే మారిపోతుంది. నేను ఇదంతా చెప్తుంటే మాస్టారు మధ్యలో అడ్డు రాలేదు. "అలగైతే విప్పీవలిసిందే" అని బ్లేడు తీసుకుని ఆయనే కూర్చుని జరీ అంతా విప్పారు. మళ్ళీ కుట్టించిన ఖర్చు నా దగ్గర తీసుకోలేదు. ఆ తొమ్మిది రోజుల ఆలస్యంలో నాలుగు రోజులు దీనివల్లే.

చివరి ట్రయల్ రోజు మా ఆయన కూడా వచ్చారు. డబ్బులిస్తూ, ఇన్నేళ్ళుగా మా వాళ్ళ బట్టలు కుడుతున్నారు కదా, విసుగు రాదా అని అడిగారు. "మా నాన్న మిషన్ మీద కూకోబెట్టీసి ఎల్లిపోయాడండి. నేను అడగలేదు. ఇప్పుడు ఇడిసిపెట్టీమన్నా ఇడవలేను" అన్నారు మాస్టారు. మావాడు నా వైపు చూశాడు. పిలుపు గురించి వాడు నాకు చెప్పిన మాటల్లో సగం ఆ జవాబులో ఉన్నాయి. మా వాళ్ళు చాలామంది పిలుపు అన్న మాటని పాస్టర్లకే అట్టిపెట్టేస్తారు. లూథర్ దాన్ని పొలానికీ, వంటింటికీ, కొలిమికీ తీసుకెళ్ళారు. బిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూసి దేవుడు సంతోషిస్తాడని 1522లో రాసిన మనిషి ఆయన.

అభిషేకం ఫిబ్రవరిలో జరిగింది. మొదట ఆ కాగితం చదివారు, ఊరి పేరుతో సహా. ఆ ఊరి నుంచి వ్యాన్‌లో వచ్చిన పద్దెనిమిది మంది రెండో వరసలో ఉన్నారు, వాళ్ళలో ఒక ముసలాయన ఊరి పేరు వినగానే లేచి నిలబడ్డాడు. తర్వాత మావాడు మోకాళ్ళూనాడు. తల మీద చేతులుంచారు. ఎర్ర స్టోల్ భుజాల మీద వేశారు. లేచేటప్పుడు గుడ్డ ఎక్కడా కాలికి తగల్లేదు. దీవెనకి చేతులెత్తినప్పుడు అంగీ అంగుళం కూడా పైకి లేవలేదు. నేను ప్రార్థన చేస్తూ కూడా అది గమనించాను. దేవుడు క్షమిస్తాడనుకుంటాను, ఎందుకంటే ఆ కుట్టు కూడా ఒకరి విధేయతే.

అన్నట్టు, లేచి నిలబడ్డ ఆ ముసలాయన వయసు చూస్తే నాకు హయ్యర్ గారే గుర్తొచ్చారు. 1869లో, డెబ్బై ఐదు దాటిన వయసులో, అమెరికాలో తన సినాడ్ (సంఘాల పాలక సభ) ముందు నిలబడి మళ్ళీ ఇండియా వెళ్తానన్నారాయన. కానీ తనంతట తాను ఓడెక్కలేదు, సినాడ్ పంపితేనే వచ్చారు. ఆ ఏడాది చివర్లో రాజమండ్రి చేరారు. కోరికా, పంపడమూ రెండూ ఉన్నాయి అందులో.

వెళ్ళేవాళ్ళకి కొన్ని వివరాలు. కాసక్ కుట్టుకూలి మాకు 1,800 తీసుకున్నారు, స్టోల్ ఒక్కోటి 900, ఎంబ్రాయిడరీ వేరే. గుడ్డ మనమే తీసుకెళ్ళాలి, కొత్త గుడ్డని ఒకసారి నీళ్ళలో నానబెట్టి ఆరేసి తీసుకెళ్తే మంచిది. ఫోన్‌పే ఉంది, కార్డు లేదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళ్తారు, నాలుగు దాటాక వెళ్ళండి. క్రిస్మస్ ముందు, ఈస్టర్ ముందు రద్దీ ఎక్కువ, నెలన్నర ముందే ఇవ్వాలి. పాత కాసక్‌లు సరిచేయడానికి కాగితం అడగరు. కొత్తదైతే నియామక పత్రం అసలుదే తీసుకెళ్ళండి. కింద జిరాక్స్ షాపు ఉంది కదా అని కాపీ తీయించి ఇవ్వబోతే మాస్టారు తీసుకోరు, ఆయన దాన్ని దాచుకోరు. ఒకసారి చేతుల్లో పట్టుకుని చదివి, మడత పాడవకుండా తిరిగి మీ చేతికే ఇస్తారు.